తెర వెనక తనిఖీ

"అక్కడేమైనా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగిందామె, తన ఎడమ రొమ్ముకి ఎదురుగా గాలిలో చెయ్యి తిప్పి చూపిస్తూ. "ఏమీ లేదు" అన్నాను. అబద్ధం కాదు. అక్కడ నిజంగానే ఏమీ లేదు. ఆరేళ్ల కిందట ఆపరేషన్ చేసి తీసేశారు. ఉన్నదల్లా బ్రా లోపలి అరలో పెట్టుకునే సిలికాన్ ముద్ద. కానీ యంత్రం ఒప్పుకోలేదు. తెర మీద ఒక మనిషి ఆకారం, ఆడా మగా కాని ఉత్త గీతల బొమ్మ. దాని గుండెల మీద పసుపు రంగు చతురస్రం.

ఏ దేశమో, ఏ విమానాశ్రయమో చెప్పను. ఎందుకంటే అక్కడ నాతో ఎవరూ తప్పుగా ప్రవర్తించలేదు. గదిలోకి వెళ్దామా అని అడిగారు. తోడు ఎవరైనా ఉంటే పిలుచుకోవచ్చన్నారు. నాకు తోడెవరూ లేరు. సెమినార్‌లో పేపర్ చదవడానికి వెళ్తున్న ఒంటరి ప్రయాణికురాలిని. గదిలో ఇద్దరు స్త్రీలు. ఎక్కడ ముట్టుకోబోతున్నారో ముందుగా చెప్పి మరీ, చేతి వెనక వైపుతో తడిమారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. "థాంక్యూ మేడమ్" అన్నారు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే చేతులు వణికాయి. బిడియమా అంటే కాదు. ఆస్పత్రిలో ఎంతమంది ముందు రవిక విప్పలేదూ! మరి ఎవరి తప్పూ లేనప్పుడు ఈ అవమానం ఎక్కణ్ణించి వచ్చింది?

సాహిత్యం పాఠాలు చెప్పుకునేదాన్ని కనక నాకు తెలిసిన దారి చదవడమే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు విమానాశ్రయ తనిఖీల మీద స్త్రీవాదులు రాసిన పుస్తకాలు, కోర్టులు చెప్పిన తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదివాను. తీర్పు కూడా ఒక పాఠ్యమే కదా. అందులోనూ కథకులుంటారు, పాత్రలుంటాయి, చెప్పకుండా దాటేసిన సంగతులుంటాయి.

ముందు యంత్రం సంగతి. లోహాన్ని పట్టే పాత ద్వారం సంచిలో తుపాకీనో, నడుం దగ్గర కత్తినో పడుతుంది. ప్లాస్టిక్‌నీ పొడినీ పట్టలేదు. 2009 డిసెంబర్ 25న డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు పదార్థం దాచుకుని ఎక్కాడు. అది సరిగా పేలలేదు. ఆ తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో ఒంటిని మొత్తంగా చూసే స్కానర్లు వేగంగా వ్యాపించాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి పలచని ఎక్స్‌రేతో పనిచేసేది. ఇది బట్టల కింద ఒంటిని దాదాపు నగ్నంగా చూపించేది, ఆ బొమ్మని వేరే గదిలో కూర్చున్న అధికారి చూసేవాడు. విమర్శలు వచ్చాక, బొమ్మని దాచే సాఫ్ట్‌వేర్ దానికి కుదరక, 2013లో విమానాశ్రయాల నుంచి తీసేశారు. రెండోది మిల్లీమీటర్ తరంగాలతో పనిచేసేది. తరంగాలు బట్టల్లోంచి దూసుకెళ్లి చర్మాన్ని తాకి తిరిగొస్తాయి. ఒంటి మీద చర్మం కానిది ఏదైనా ఉంటే తేడా తెలుస్తుంది. ఇప్పుడు ఆ తేడాని మనిషి చూడడు, సాఫ్ట్‌వేర్ చూస్తుంది. చూసి, గీతల బొమ్మ మీద పసుపు చతురస్రం పెడుతుంది.

దీన్ని మర్యాదకు దొరికిన విజయం అన్నారు. నిజమే, ఎవరో మగవాడు చీకటి గదిలో మన ఒంటిని చూడ్డం కంటే ఇది నయమే. కానీ తేడా ఉంది అని చెప్పాలంటే, తేడా లేని ఒళ్లు ఎలా ఉంటుందో యంత్రానికి ముందే ఎవరో చెప్పి ఉండాలి కదా! అదెవరి ఒళ్లు?

ఈ ప్రశ్నని సూటిగా వేసిన పుస్తకం సాషా కోస్టాంజా-చాక్ రాసిన 'డిజైన్ జస్టిస్' (2020). పుస్తకం డెట్రాయిట్ విమానాశ్రయంలోనే మొదలవుతుంది. రచయిత నాన్‌బైనరీ, ట్రాన్స్ వ్యక్తి. అప్పటి పద్ధతిలో స్కానర్ నడిపే అధికారి ప్రయాణికులని ఒకసారి ఎగాదిగా చూసి, ఆడైతే గులాబీ బటన్, మగైతే నీలం బటన్ నొక్కాలి. రచయిత ఏ బటన్‌కీ సరిపోరు. ఆడ అని నొక్కితే తొడల మధ్య, మగ అని నొక్కితే ఛాతీ మీద పసుపు చతురస్రం వెలుగుతుంది. ఎటు నొక్కినా తడమడం తప్పదు. దీని వెనక దురుద్దేశం ఎవరిదీ కాదనీ, లోకంలో రెండే రకాల ఒళ్లుంటాయన్న నమ్మకం బటన్ల దాకా, అల్గారిథమ్ దాకా ఇంకిపోయిందనీ రచయిత చూపిస్తారు. తాను తెల్లజాతి మనిషిననీ, అమెరికా పౌరసత్వం, పెద్ద విశ్వవిద్యాలయం పేరు తనకి అండగా ఉన్నాయనీ, అవి లేనివాళ్లకి అదే చతురస్రం ఎంత ప్రమాదమో తెలుసనీ కూడా రాస్తారు. నాకు ఈ నిజాయితీ నచ్చింది. 2022లో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఈ రెండు బటన్ల పద్ధతిని మార్చి, అందరికీ ఒకటే అల్గారిథమ్ పెడతామని ప్రకటించింది. విమర్శ యంత్రాన్ని కదిలించగలదని దీనివల్ల తెలుస్తోంది. కానీ అందరికీ ఒకటే కొలత అన్నంత మాత్రాన ఒక రొమ్ము లేని ఒళ్లు ఆ కొలతలో ఉంటుందన్న భరోసా నాకు లేదు.

రేచల్ హాల్ 'ది ట్రాన్స్‌పరెంట్ ట్రావెలర్' (2015)లో ఇంకో కోణం ఉంది. విమానాశ్రయం మన చేత ఒక నాటకం వేయిస్తుందంటుందామె. చెప్పులు విప్పి, బెల్టు తీసి, చేతులెత్తి "చూడండి, నాలో దాచుకున్నదేమీ లేదు" అని మనమే ఉత్సాహంగా నటించాలి. అద్దంలా పారదర్శకంగా కనిపించగలిగినవాళ్లు మంచి ప్రయాణికులు. కనిపించలేనివాళ్లు అనుమానితులు. ఇది చదవగానే నా వణుకుకి ఒక పేరు దొరికినట్టయింది. "ఏమీ లేదు" అన్నప్పుడు నేను ఆ నాటకంలో నా వంతు డైలాగు చెప్పాను. యంత్రం నన్ను అబద్ధాలకోరుని చేసింది. ఆపరేషన్ సంగతి మా యూనివర్సిటీలో ముగ్గురికి తప్ప తెలీదు. దాన్ని ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది ఆరేళ్లుగా నా చేతిలో ఉంది. ఆ క్షణంలో నా చెయ్యి దాటిపోయింది.

అయితే హాల్ పుస్తకంలో ప్రయాణికులు ఎక్కువగా ఒకే తరగతివాళ్లు. ఆ లోటు తీర్చేది సిమోన్ బ్రౌన్ 'డార్క్ మేటర్స్' (2015). ఆమె నిఘాని 2001 సెప్టెంబర్ 11తో మొదలుపెట్టదు. 18వ శతాబ్దపు న్యూయార్క్‌లో, తెల్లవాళ్ల తోడు లేకుండా చీకటి పడ్డాక తిరిగే నల్లజాతి బానిసలు చేతిలో లాంతరు పట్టుకు తీరాలన్న చట్టాల దాకా వెనక్కి వెళ్తుంది. అంటే తమని ఇతరులు చూడ్డానికి కావలసిన వెలుతురుని తామే మోసుకు తిరగాలి! అక్కణ్ణించి విమానాశ్రయంలో నల్లజాతి స్త్రీల జుట్టులో వేళ్లు పెట్టి వెతకడం దాకా వస్తుంది. గాయని సోలాంజ్ జుట్టుని అలా వెతకడం 2012లో వార్తయింది. బ్రౌన్ దాన్ని సెలబ్రిటీ కబురుగా వదిలెయ్యకుండా ఒక అధ్యాయానికి పేరుగా పెట్టింది. జాతి కూడా ఒక సామానే, దాన్ని కౌంటర్ దగ్గర దింపేసి వెళ్లడం కుదరదు అన్నది ఆమె వాదన.

ఈ వాదనకి లెక్కల బలం ఇచ్చేది అమెరికా పార్లమెంటుకి చెందిన ఆడిట్ కార్యాలయం 2000 మార్చిలో ఇచ్చిన నివేదిక. ఇది సెప్టెంబర్ 11కి ముందు మాట, గమనించండి. విదేశాల నుంచి విమానంలో దిగేవాళ్లని కస్టమ్స్ అధికారులు ఎలా సోదా చేస్తున్నారో అందులో లెక్క కట్టారు. తడిమి చూసిన తర్వాత ఎక్స్‌రేకి పంపే అవకాశం తెల్లజాతి స్త్రీ పౌరులతో పోలిస్తే నల్లజాతి స్త్రీ పౌరులకి 9 రెట్లు ఎక్కువ. మరి ఆ ఎక్స్‌రేలలో సరుకు దొరికినవాళ్లు? తెల్లజాతి స్త్రీలలో దొరికినదాంట్లో సగం కంటే తక్కువ. ఎవరి దగ్గర దొరకదో వాళ్లనే ఎక్కువ వెతికారన్నమాట. అనుమానానికి కారణం సరుకు కాదు, ఒళ్లు.

ఇక తీర్పులు. అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ అకారణమైన సోదాల నుంచి పౌరులకి రక్షణ ఇస్తుంది. మరి ఏ అనుమానమూ లేకుండా లక్షలమందిని రోజూ సోదా చెయ్యడం ఎలా చెల్లుతుంది? 1973లో 9వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు డేవిస్ కేసులో దీనికి దారి చూపింది. నేరం పట్టుకోవడానికి కాక, విమానంలోకి ఆయుధాలూ పేలుడు పదార్థాలూ రాకుండా ఆపడానికి చేసే పరిపాలనాపరమైన తనిఖీ ఇది అంది. హద్దులు కూడా గీసింది. ఆ ప్రయోజనానికే పరిమితం కావాలి. అప్పటికి అందుబాటులో ఉన్న సాంకేతికతని బట్టి ఎంత అవసరమో అంతకు మించకూడదు. ప్రయాణం మానుకుంటే తనిఖీ తప్పించుకునే వీలుండాలి.

రెండో హద్దుని మళ్లీ చదవండి. హద్దుని కొలిచే బద్ద యంత్రం చేతిలో ఉంది. ఇంతకంటే తక్కువ చొరబాటుతో పని జరిగే యంత్రం వస్తే హద్దు మన వైపు జరగాలి. ఆచరణలో ఎక్కువగా జరిగింది తల్లకిందులు. యంత్రం ఇంకా లోతుగా చూడగలిగితే, అంత లోతుగా చూడ్డమే అవసరమైపోయింది.

మూడో హద్దు సంగతి మరీ విచిత్రం. 2007లో అదే కోర్టు అకాయ్ కేసులో, ఒకసారి తనిఖీ మొదలయ్యాక "నేను ప్రయాణం చెయ్యను, వెళ్లిపోతాను" అన్నా కుదరదు అంది. సమ్మతి అవసరమే లేదంది. వెళ్లిపోనిస్తే దుండగులు ఎన్నిసార్లైనా వచ్చి బలహీనత ఎక్కడుందో పరీక్షించుకుంటారన్నది కారణం. భద్రత కోణంలో ఆ కారణం అర్థంలేనిదేమీ కాదు. కానీ ఆ వాక్యాలు చదువుతుంటే నాకు ఇంకో చట్టం గుర్తొచ్చింది. గడప దాటి లోపలికొచ్చావు కనక, ఇక విడిగా సమ్మతి అడగనక్కర్లేదు, మధ్యలో కాదనడానికి వీల్లేదు... ఇదెక్కడో విన్న మాటే కదా? భార్య మీద భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించిన మన శిక్షాస్మృతి, 2023లో కొత్త పేరు పెట్టుకున్నాక కూడా, నిలబడి ఉన్నది ఈ తర్కం మీదే. రెండు హింసలూ ఒకటని నేననడం లేదు. వాక్యనిర్మాణం ఒకటని అంటున్నాను. "ఇష్టం లేకపోతే వెళ్లిపో, తలుపు తీసే ఉంది" అని ఇంట్లో విన్న ఆడవాళ్లకి, ఆ తలుపు అవతల ఏముంటుందో తెలుసు. కూతురి పురిటికి ఆవకాయ జాడీతో, మోకాళ్ల నొప్పులతో వెళ్తున్న తల్లికి ప్రయాణం మానుకునే స్వేచ్ఛ ఉందనడం ఏ మాత్రం నిజం?

2011లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు స్కానర్ల కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇలాగే సగం వెలుగు, సగం నీడ. ప్రజాభిప్రాయం అడక్కుండా ఈ యంత్రాలు పెట్టడం తప్పని ప్రభుత్వానికి చెప్పింది. యంత్రం వాడకం మాత్రం రాజ్యాంగవిరుద్ధం కాదంది. ఇష్టం లేనివాళ్లు చేత్తో తడమడాన్ని ఎంచుకోవచ్చు కదా అన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. తడమడం అంటే ఏమిటో తెలిసిన ఏ స్త్రీ అయినా దాన్ని ఎంపిక అంటుందా? ప్రజాభిప్రాయం తీసుకుని తుది నిబంధన చెయ్యడానికి 2016 దాకా పట్టింది. ఆలోగా 2015 డిసెంబర్‌లో, కొంతమందికి ఆ ఎంపిక కూడా ఇవ్వనక్కర్లేదని భద్రతా సంస్థ మార్చేసుకుంది.

ఇదంతా వాళ్ల దేశం గొడవ అనుకోవడానికి లేదు. మన దగ్గర నాలుగో సవరణ లాంటిది లేదని 1954లోనే సుప్రీంకోర్టు ఎం.పి. శర్మ కేసులో అంది. చట్టవిరుద్ధమైన సోదాలో దొరికినదైనా సాక్ష్యంగా చెల్లుతుందని 1973లో పూరన్‌మల్ కేసులో చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతని ప్రాథమిక హక్కు అన్నారు. రాజ్యం చొరబడాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించకుండా ఉండాలి అన్నారు. ఈ కొలతతో మన విమానాశ్రయాల్లోని తెర కట్టిన ఆ చిన్న అరని కొలిచి చూడాలని నా కోరిక.

ఆ అర చరిత్ర పెద్దదే. స్త్రీని సోదా చెయ్యాల్సి వస్తే సభ్యతని కచ్చితంగా పాటిస్తూ మరో స్త్రీయే చెయ్యాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ చెప్పింది. 1973 కోడ్‌లో అది 51(2) అయింది. 2023 నాటి నాగరిక్ సురక్షా సంహితలో 49(2) అయింది. నూటపాతికేళ్లు దాటినా మాట మారలేదు. ఇప్పుడది అరెస్టయినవాళ్ల గురించిన సెక్షన్, మనం అరెస్టయినవాళ్లం కాదు, నిజమే. కానీ విమానాశ్రయం అరువు తెచ్చుకున్న తర్కం అదే. ఆ మాటల్లో సభ్యత ఉంది, సమ్మతి లేదు. మగవాడి చూపు పడకుండా తెర వేస్తే చాలు, తెర వెనక ఏం జరిగినా సభ్యమే అన్న ధీమా ఉంది. ఇది ఘోషా తర్కం. కాపాడాల్సింది స్త్రీ ఇష్టాన్ని కాదు, పరువుని.

ఆ పరువు కూడా అందరిదీ సమానం కాదు. 2010 డిసెంబర్‌లో అమెరికాలో మన రాయబారి మీరా శంకర్‌ని మిసిసిపీలోని జాక్సన్ విమానాశ్రయంలో పక్కకి తీసుకెళ్లి తడిమారు. ఆమె చీర కట్టుకుని ఉంది. మన ప్రభుత్వం నిరసన తెలిపింది, తెలపాల్సిందే. కానీ ఆ కోపంలో ఎక్కువగా వినిపించిన మాట "రాయబారినా?" అని. "చీర కట్టుకుంటే అనుమానమా?" అన్న ప్రశ్న వెనకబడిపోయింది. మన విమానాశ్రయాల్లో తనిఖీ అక్కర్లేని ప్రముఖుల జాబితా బోర్డు మీద చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. మనకి కోపం తనిఖీ మీద కాదు, తనిఖీలో మన హోదా చెల్లకపోవడం మీద.

హోదా కాదు, పేరు కూడా కాపాడలేదని సుధాచంద్రన్ చెప్పింది. 'మయూరి' చూసి కళ్లు తుడుచుకోని తెలుగు స్త్రీ మా తరంలో అరుదు. ఆ కృత్రిమ కాలు మన అందరికీ తెలిసిన కాలు. 2021 అక్టోబర్‌లో ఆమె ఒక వీడియోలో, విమానాశ్రయానికి వెళ్లిన ప్రతిసారీ ఆ కాలు తీసి చూపించమంటున్నారనీ, పేలుడు పదార్థాల ఆనవాలు పట్టే పరీక్ష చెయ్యమని అడిగినా వినడం లేదనీ ప్రధానమంత్రికి మొరపెట్టుకుంది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం క్షమాపణ చెప్పింది. అరుదైన పరిస్థితుల్లో తప్ప తీయించకూడదన్నదే తమ నియమం అంది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, మనిషి గౌరవం దృష్ట్యా విమానాశ్రయాల్లో కృత్రిమ అవయవాలు తీయించకూడదంది. గుడ్డతో తుడిచి యంత్రంలో పెడితే తేలిపోయే విషయానికి కాలు విప్పించడం ఏ కొలతలో అవసరం? డేవిస్ కేసు కొలతలోనూ కాదు, పుట్టస్వామి కొలతలోనూ కాదు. నియమం ఉంది, యంత్రం ఉంది, అయినా విప్పమన్నారు. ఎందుకంటే విప్పించడం తేలిక, విప్పేది వాళ్లు కాదు కనక.

ఇన్ని మంచి పుస్తకాలు చదివాక కూడా నాకొక అసంతృప్తి మిగిలింది. వాటిలో తడిమే స్త్రీ దాదాపు కనిపించదు. ఆమె రాజ్యం చెయ్యి మాత్రమే. కానీ పూటకి వందలమంది ఒళ్లు తాకాల్సిన ఆ కానిస్టేబుల్ కూడా ఒక ఒళ్లున్న మనిషే. మగవాళ్ల వరసలు నాలుగు కదులుతుంటే ఆడవాళ్ల వరస ఒక్కటే నత్తలా సాగితే, ఆ విసుగంతా ఆమె మీదే పడుతుంది. ఆ అరలో స్త్రీని స్త్రీకి ఎదురుగా నిలబెట్టి, మిగతావాళ్లంతా తెర అవతల నిశ్చింతగా ఉండగలుగుతున్నారు. ఈ పని గురించి ఆమె వైపు నుంచి రాసిన పుస్తకం నాకు కావాలి. తెలుగులో ఎవరైనా రాస్తే మరీ సంతోషం.

ఇంకో మాట దాచకూడదు. నేను తనిఖీ వద్దనేదాన్ని కాదు. విమానం క్షేమంగా దిగాలని అందరిలాగే నాకూ ఉంటుంది. నేను అడిగేవి చిన్నవి. దేనికోసం వెతుకుతున్నారో దానికే పరిమితం కావడం. ముట్టుకోకుండా తేలే మార్గం ఉంటే ముందు అదే వాడడం. చెప్పదలచుకున్నది చెప్పే వీలు, చెప్పకుండా ఉండే వీలు రెండూ ఇవ్వడం. జరిగింది తప్పనిపిస్తే ఎవరిని అడగాలో గోడ మీద తెలుగులో రాసి పెట్టడం. ఆ ప్రముఖుల జాబితా పక్కనే చోటుంటుంది.

తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో, అరలోకి వెళ్లగానే ఆ అమ్మాయి చెయ్యి ఎత్తేలోగా నేనే హిందీలో చెప్పాను, ఎడమ వైపు ఆపరేషన్ అయిందని. ఆమె ఒక క్షణం ఆగింది. సగం తెరుచుకుని ఉన్న తెరని పూర్తిగా లాగి, "నొప్పి ఉందా, ఆంటీ?" అని అడిగింది. లేదన్నాను. చేతి పరికరాన్ని దూరంగా తిప్పి, బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేసి పంపింది. ఆమె మంచిది. కానీ నా గౌరవం ఆ పూట డ్యూటీలో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటే దాన్ని హక్కు అనలేను. వచ్చేసరికి నా వెనక వరసలో ఇరవైమంది ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఎంతమందికి చెప్పుకోవలసింది ఉందో, చెప్పుకునే భాష ఉందో.